తాతగారి అంబాసిడర్‌ను హాట్ రాడ్‌గా కట్టాలంటే: ధరలు పెరిగే రోజుల్లో డబ్బును ఏ వరుసలో పెట్టాలి

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. మీ తాతగారి 1969 నాటి అంబాసిడర్ మార్క్ 2 కావలి దగ్గర మీ ఊళ్లో రేకుల షెడ్డు కింద చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. అమెరికా వాళ్ల హాట్ రాడ్ కార్లను, అంటే పాత కారును బరువు తగ్గించి, ఇంజన్‌ను చురుకు చేసి తిరగగట్టిన కార్లను చూసిన తర్వాత, దీని కప్పు కోయించి కిందికి దించాలని, బానెట్ తీసేసి జపాన్ కారు ఇంజన్ ఎక్కించాలని, వెడల్పాటి చక్రాలు వేయాలని మీకు కోరిక కలిగింది. చేతిలో నాలుగున్నర లక్షలు ఉన్నాయి. నెలకు మరో పదిహేను వేలు పక్కన పెట్టగలరు. మీరు అడిగిన మరమ్మతు షెడ్డు వాళ్ల అంచనా ఏడాది తిరగకుండానే రెండుసార్లు పెరిగింది. ఇంకా పెరగకముందే సామానంతా ఒక్కసారిగా కొనేయాలా, అప్పు తీసుకోవాలా, అసలు ఆలోచనే మానుకోవాలా అని అడిగారు.

మానుకోవద్దు, అప్పు చేయవద్దు, సామానంతా ఒకేసారి కొనవద్దు. మీ దగ్గరున్న డబ్బుతో, మీరు చెప్పిన నెలసరి మొత్తంతో మంచి కారు తయారవుతుంది. అయితే అది మీరు ఫోనులో చూసిన కారు కాదు. ధరలు పెరిగే కాలంలో ఇలాంటి పనిని గట్టెక్కించేది చౌకగా దొరికే కొట్టు కంటే, ఏది ముందు కొనాలో, ఏది ఆఖరున కొనాలో, ఏది అసలు కొననక్కర లేదో తేల్చుకుని రాసుకున్న వరుసే అని నెల్లూరులో పాత కార్ల పనిలోనే వయసు గడిపినవాడిగా గట్టిగా చెప్పగలను.

హాట్ రాడ్ అన్నది డబ్బున్నవాళ్ల సరదాగా పుట్టలేదు. 1930లలోనూ, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్లలోనూ దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఇనుము యార్డుల్లో కారుచౌకగా దొరికే ఫోర్డ్ మోడల్ టి, మోడల్ ఎ కార్లను తెచ్చి, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు, బానెట్టు ఊడదీసి, ఎండిపోయిన చెరువు మైదానాల్లో పరుగెత్తించేవారు. ఫోర్డ్ కంపెనీ 1932లో సామాన్యుడు కొనగలిగిన కారులోనే ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ పెట్టడంతో, ఆ ఇంజన్లు పాతబడి యార్డులకు చేరిన కొద్దీ ఈ పని ఊపందుకుంది. 1955లో షెవర్లే చిన్న వి8 వచ్చిన తర్వాత ఎక్కువమంది దానికి మారారు. వాళ్లు ఎక్కించిన ఇంజన్లన్నీ వాళ్ల ఊళ్లో, వాళ్ల సందు చివర దొరికినవే. ఇవాళ అదే కారు అమెరికాలో కొత్త భాగాలతో కట్టాలంటే అక్కడి మధ్యతరగతికే తలకు మించిన భారం అవుతోంది. 2025లో ఉక్కు మీద, అల్యూమినియం మీద, విదేశీ కారు భాగాల మీద వాళ్ల ప్రభుత్వం సుంకాలు పెంచడంతో ఆ భారం ఇంకా పెరిగింది. ఆ భాగాలను మనం ఇక్కడికి తెప్పించుకుంటే వాళ్ల ధర మీద ఓడ లేదా విమానం ఖర్చు, మన దిగుమతి సుంకం, డాలరు మారకం అన్నీ కలుస్తాయి. కాబట్టి మొదటి నిర్ణయంగా ఒకటి పెట్టుకోండి: ఈ కారులోకి విదేశం నుంచి తెప్పించిన భాగం ఒక్కటి కూడా రాకూడదు. కాలిఫోర్నియా కుర్రాళ్లు చేసినట్టే మన చుట్టుపక్కల దొరికే దానితోనే కట్టాలి.

ఇక చట్టం సంగతి. దీన్ని ముందే చెప్పడానికి కారణం ఏమిటంటే, మీ అంచనాలో అన్నిటికంటే పెద్ద మొత్తం తినే రెండు పనులను ఇదే తీసేస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కప్పు కోసి దించడం, వేరే కంపెనీ ఇంజన్ ఎక్కించడం దీని కిందికే వస్తాయి. చాలామంది చేస్తున్నారు కదా అని మీరు అడగవచ్చు. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు, కానీ ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొట్టమొదట చూసేది ఇంజన్ నంబరునే. ఎదుటివాడికి దెబ్బ తగిలి, నష్టపరిహారం మీ ఇంటి మీదికి, మీ నాన్నగారి పొలం మీదికి వచ్చే పరిస్థితి తెచ్చుకోవద్దు.

జపాన్ ఇంజన్ ఆలోచనను చట్టంతో పాటు లెక్క కూడా ఒప్పుకోదు. ఇంజన్ కొన్న ధర మొత్తం ఖర్చులో చిన్న భాగమే. దానికి సరిపడే గేర్‌బాక్సు, కొత్త మౌంటింగులు, కోసి కుదించాల్సిన ప్రొపెల్లర్ షాఫ్ట్, పెద్ద రేడియేటరు, వైరింగు, సైలెన్సరు పైపు, ఆ బలాన్ని మోయలేని వెనక యాక్సిల్, ఆ వేగాన్ని ఆపలేని బ్రేకులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. షెడ్డు వాళ్ల అంచనా రెండుసార్లు పెరగడానికి ధరలు ఎంత కారణమో, ఈ గొలుసు అంత కారణం. ఇంజన్ ధర చెప్పినవాడు గొలుసు ధర చెప్పడు.

చట్టం తలుపులన్నీ మూసేయలేదు. ఇంజన్‌ను అదే రకం ఇంజన్‌తో మార్చుకోవడానికి రవాణా శాఖ ముందస్తు అనుమతి అడగవచ్చు. అందుకు ఇంజన్ ఏ బండిలోదో చూపే కాగితాలు, బిల్లు ఉండాలి. రంగు మార్చుకోవచ్చు, దాన్ని ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. సీట్ల గుడ్డ, డ్యాష్‌బోర్డు, లోపలి అలంకారం, దీపాల మెరుగు, కారు నిలబడే తీరు మీ చేతుల్లో ఉన్నాయి. అంబాసిడర్‌కు ముందు వైపు స్ప్రింగులకు బదులు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి కాబట్టి, వాటి అమరికను సరిచేసి ముందు ఎత్తును కొద్దిగా తగ్గించడానికి కొత్త భాగం ఏదీ కొననక్కర లేదు. అయితే మన పల్లె రోడ్ల స్పీడు బ్రేకర్లను మనసులో పెట్టుకుని, కొద్దిగా అన్న మాటను అక్షరాలా పాటించండి. ముదురు రంగు, శుభ్రమైన క్రోము, కాస్త వంగిన ముక్కు, లోపల చక్కగా పాడే ఇంజన్ ఉంటే ఆ గుండ్రటి ఒళ్లున్న కారు ఏ కోత లేకుండానే హాట్ రాడ్ లాగా నిలబడుతుంది. మార్క్ 2 రూపానికి ఆధారమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ గీతలు 1950లవే కదా.

ఇప్పుడు ధరల విషయానికి వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అప్పటి నుంచి బజారులో ఉన్నవి మూడు రకాల సామాన్లు. కంపెనీ కాలం నాటి మిగిలిపోయిన సరుకు మొదటిది. ఇది ప్రతి ఏడూ తగ్గుతుందే గానీ పెరగదు. చిన్న కార్ఖానాలు ఇప్పటికీ తయారుచేస్తున్న బుష్షులు, పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్లు, బ్రేకు సామాన్లు రెండోది. తుక్కు కింద విప్పిన కార్ల నుంచి వచ్చేవి మూడోది. మొదటి, మూడో రకాల ధర సరుకు కరువు వల్ల పెరుగుతుంది. రెండో రకం ధర ఇనుము, రాగి, రబ్బరు ధరలతో పెరుగుతుంది, అప్పుడప్పుడు తగ్గుతుంది కూడా. ఉదాహరణకు 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన భాగాల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు మీద కొనేటప్పుడు ఆ తేడా మీకు అందుతోందో లేదో చూసుకోండి.

ఈ తేడా తెలిస్తే ముందు ఏది కొనాలో దానంతట అదే తేలుతుంది. కరువు వల్ల పెరిగేవాటిని, అంటే మళ్లీ ఎవరూ తయారుచేయనివాటిని, పాడుకానివాటిని ముందు కొనాలి. మార్క్ 2 ముందు జాలీ, హెడ్‌లైటు రింగులు, క్రోము పట్టీలు, డోరు హ్యాండిళ్లు, మీటరు డయళ్లు, పగలని వెనక అద్దం, సరైన గేర్ల సెట్టు ఇందులోకి వస్తాయి. వీటిని కొని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకున్నా ఏమీ కాదు. నిలవ ఉంటే పాడయ్యేవాటిని ఆఖరున కొనాలి. టైర్లు, బ్యాటరీ, హోస్ పైపులు, డోరు బీడింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేకు రబ్బర్లు, రంగు డబ్బాలు ఈ జాబితాలోవి. పెరిగిపోతాయేమోనన్న భయంతో టైర్లు ముందే కొని, కారు రోడ్డెక్కే నాటికి సగం వయసు అయిపోయిన టైర్లతో బయలుదేరినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్లకు ధర పెరగడం వల్ల వచ్చే నష్టం కంటే పెద్ద నష్టం జరిగింది. పైగా కొత్త భాగానికి ఉన్న గ్యారంటీ డబ్బా తెరవకముందే ముగిసిపోతుంది.

ఎక్కడ కొనాలి అంటే, మనకు దగ్గరి పెద్ద బజారు చెన్నై పుదుపేట. నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లకు రైలు ప్రయాణంతో అయిపోయే పని. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సామాను ఎక్కువైనా, పాత కార్ల పని తెలిసినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. అంబాసిడర్ పుట్టింది బెంగాల్ కాబట్టి కోల్‌కతా మల్లిక్ బజారులో దొరికే సామాను మన దగ్గర దొరకదు. ఫోటో, కొలత పంపి, నమ్మకస్తుడైన కొట్టువాడి ద్వారా పార్సిలు తెప్పించుకోవచ్చు. పుదుపేటకు వెళ్లేటప్పుడు మీ పాత భాగాన్ని చేతిలో పట్టుకెళ్లండి. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ ఒకే కారులా కనిపించే వాటి మధ్య చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. కొట్టువాడి జ్ఞాపకం కంటే మీ చేతిలోని పాత ముక్క నమ్మదగిన సాక్షి. బ్రేకు సిలిండరు, స్టీరింగు జాయింట్లు, వీల్ బేరింగు వంటి ప్రాణాల మీదికి వచ్చే భాగాలను మాత్రం సెకండ్ హ్యాండులో కొనవద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

అయితే ఇవేవీ కొనకముందు మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. కారు ఒంట్లో తుప్పు ఎంత ఉందో తేల్చుకోవాలి. మీ ఊరు సముద్రానికి ఎంతో దూరం లేదు. ఉప్పుగాలి, ఈశాన్య రుతుపవనాల తేమ, మట్టి నేల మీద నిలబడటం ఈ మూడూ కలిసి రేకును లోపలి నుంచి తింటాయి. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీ రేకే ఎముకల గూడు. అందుకే పైన మెరిసే తలుపు కంటే కింద కనిపించని సిల్లు, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు దూలం ముఖ్యం.

ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల పైని వంపు రేకులు, సిల్లుల పొడవునా నెమ్మదిగా జరపండి. రేకు ఉన్నచోట అది లాగుతుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టండి. తర్వాత లోపల మ్యాట్లు ఎత్తి, పెద్ద స్క్రూడ్రైవరు పిడితో నేల రేకును తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు కంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట మొనతో ఒత్తితే పొరలు పొరలుగా రాలుతుంది. కారు కిందికి దూరి, టార్షన్ బార్లు వెనక వైపు బిగించి ఉన్న అడ్డదూలాన్ని, వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) వేలాడే బ్రాకెట్ల చుట్టూ ఉన్న రేకును చూడండి. కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మవద్దు, గట్టి దిమ్మెలు పెట్టండి. ఆఖరి పరీక్షగా, ముందు తలుపు వేసి, తలుపుకూ స్తంభానికీ మధ్య సందును కళ్లతో కొలుచుకుని, సిల్లు మధ్యన చెక్క ముక్క వేసి జాకీతో మెల్లగా ఎత్తండి. సందు మారకపోతే ఒళ్లు గట్టిగా ఉన్నట్టు. తలుపు పట్టేసినా, సందు మారినా గూడు వంగుతోందని అర్థం.

సందు మారని గట్టి కారైతే మీ డబ్బు చాలు. గూడు వంగుతున్న కారైతే ఇంజన్ ఊసు పక్కన పెట్టి మొదటి ఏడాది డబ్బంతా రేకు పనికే కేటాయించాలి. అడ్డదూలం దగ్గర, కమాను బ్రాకెట్ల దగ్గర పెద్ద చిల్లులు పడి, సిల్లులు రెండు వైపులా పోయి ఉంటే మాత్రం అదే కాలపు గట్టి ఒళ్లున్న, కాగితాలు సరిగ్గా ఉన్న మరో అంబాసిడర్ కొని, తాతగారి కారు నుంచి సామాను దానికి మార్చుకోవడమే తక్కువ ఖర్చు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, తాతగారి కారు మీద మీకున్న మమకారం మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. కానీ అతుకుల మీద అతుకులు వేసిన గూడును నమ్మి కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లవద్దు.

రేకు పని చేయించేటప్పుడు సిల్లులకు, నేల దూలాలకు కనీసం 18 గేజీ రేకు వాడించండి. తుప్పు రేకు మీద కొత్త రేకు పరిచి అతకడం ఒప్పుకోవద్దు. తుప్పును మంచి రేకు వచ్చేదాకా కోసి, అంచుకు అంచు కలిపి అతికించాలి. ఒక వైపు సిల్లు కోసేటప్పుడు తలుపుల చోట అడ్డకడ్డీలు తాత్కాలికంగా వెల్డు చేయకపోతే ఒళ్లు కుంగి, తర్వాత ఏ తలుపూ సరిగా పడదు. పని అయ్యాక సిల్లుల లోపలికి మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవం కొట్టించి, నీళ్లు బయటికి పోయే రంధ్రాలను మూయకుండా చూడండి. మన కోస్తాలో ఈ ఆఖరి పనిని వదిలేసినవాడు నాలుగేళ్లకే మళ్లీ మొదటికి వస్తాడు.

బ్రేకులు, స్టీరింగు ఇంజన్ కంటే ముందు రావాలి. 1969 కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బూస్టరు ఉండదు. అన్ని సిలిండర్లు, గొట్టాలు, లైనింగులు కొత్తవి వేసి, డ్రమ్ములను లేత్ మీద సమంగా తిప్పిస్తే మితమైన వేగానికి అవి చాలు. తర్వాతి కాలపు అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు, బూస్టరు పెట్టింది కాబట్టి వాటిని అమర్చేవాళ్లు ఉన్నారు. భద్రత కోసమే అయినా అది కూడా మార్పే గనుక ముందుగా రవాణా శాఖ అధికారిని రాతపూర్వకంగా అడిగి చేయండి.

ఇంజన్ విషయంలో మీకు సంతోషం కలిగించే మాట ఒకటి చెప్పగలను. మీ బానెట్ కింద ఉన్న 1489 సీసీ ఇంజన్ ఇంగ్లండు బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి సిరీస్ కుటుంబంలోది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా ఇదే 1489 సీసీ బి సిరీస్ ఇంజన్, జంట ఎస్‌యూ కార్బురేటర్లతో, మీ కారు కంటే బాగా ఎక్కువ శక్తినిచ్చేది. అంటే ఈ ఇంజన్‌ను ఎలా చురుకు చేయాలో డెబ్బై ఏళ్లుగా తెలిసిన విద్యే. సిలిండర్ల పైమూత అయిన హెడ్డులోని దారులను నునుపు చేయడం, వాల్వు సీట్లను జాగ్రత్తగా కోయించడం, కంప్రెషన్‌ను (సిలిండరులో గాలి, పెట్రోలు నొక్కుకునే ఒత్తిడిని) కొద్దిగా పెంచడం, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయడం వంటి పనుల్లో ఎక్కువ భాగం భాగాల ఖర్చు కాదు, పనితనం ఖర్చు. ఇంజన్ నంబరు మారదు, ఆర్‌సీ మారదు. హాట్ రాడ్ అనే మాటకు అసలైన ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌ను బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పవద్దు. ప్లగ్గులు తీసి నాలుగు రంధ్రాల్లోనూ కొంచెం పల్చటి ఆయిలు పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, ముందు హ్యాండిలుతో చేత్తో తిప్పండి. తిరిగితే కంప్రెషన్ కొలిపించండి. నాలుగు సిలిండర్ల లెక్కలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, స్టార్టయి వేడెక్కాక పరుగులో ఆయిల్ ప్రెషరు చదరపు అంగుళానికి 50 పౌండ్ల దరిదాపుల్లో నిలిస్తే, ఇంజన్ మొత్తం విప్పే పని ఇప్పట్లో లేదు. ఆ డబ్బు మిగిలినట్టే.

బోరు చేయించక, అంటే అరిగిన సిలిండర్లను కాస్త పెద్దవిగా కోయించక తప్పకపోతే వరుస తప్పవద్దు. ముందు విప్పి కొలవాలి, ఇదివరకే ఎంత బోరు అయిందో తెలుసుకోవాలి, ఆ తర్వాత ఏ ఓవర్‌సైజులో (పెంచిన కొలతలో) పిస్టన్ల సెట్టు నిజంగా దొరుకుతుందో కనుక్కుని కొని, ఆ పిస్టన్లను చేతికిచ్చి వాటి కొలతకే బోరు చేయించాలి. బోరు ముందు చేయించి, ఆ సైజు పిస్టన్లు బజారులో లేక, ఇంకో సైజుకు మళ్లీ బోరు చేయించడం పాత కార్ల పనిలో తరచూ కనిపించే వృథా. క్రాంకు గ్రైండింగుకు, బేరింగులకు కూడా ఇదే నియమం. చీమకుర్తి క్వారీల టిప్పర్లు, కంప్రెసర్ల పని మీద నడిచే లేత్ షాపులు ఒంగోలు వైపు ఉన్నాయి. పెద్ద ఇంజన్ల మీద రోజూ చేయి ఆడేవాళ్లకు ఈ పని కష్టమేమీ కాదు. కొలతలు కాగితం మీద రాసివ్వమని అడగండి, రాసివ్వని చోట చేయించవద్దు.

హెడ్డు విప్పినప్పుడు రెండు పనులు కలిపి చేయించుకుంటే మళ్లీ విప్పే ఖర్చు తప్పుతుంది. ఈ ఇంజన్‌ను సీసం కలిసిన పెట్రోలు కాలంలో తయారుచేశారు, ఆ సీసమే వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే దొరుకుతోంది కాబట్టి, గట్టి లోహపు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు వేయించండి. రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు గ్యాస్కెట్లు వేయించి, కారు నెలల తరబడి నిలబడేటట్టయితే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి పెట్టండి.

ఇక డబ్బు సర్దుబాటు. నాలుగున్నర లక్షల్లో ఒక లక్షను వేరే ఖాతాలో వేసి, అది లేదనుకోండి. విప్పిన తర్వాత బయటపడే పనికి ఆ లక్ష. మిగిలిన మూడున్నరలో సుమారు సగం రేకు పనికి, బ్రేకులు, స్టీరింగు, కమాన్లకు పోతుంది. మళ్లీ దొరకని సామాన్లకు కొంత, ఇంజన్ పనికి కొంత. రంగు, సీట్లు, టైర్లు మీ నెలసరి పదిహేను వేల నుంచి నెమ్మదిగా రావాలి. పర్సనల్ లోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఈ పని అనుకున్న గడువుకు ఎప్పుడూ పూర్తి కాదు, వడ్డీ మాత్రం గడువు తప్పదు. భాగాల ధర ఏడాదికి పెరిగే దానికంటే ఆ లోను వడ్డీయే ఎక్కువయ్యే అవకాశం ఉంది. అలాంటప్పుడు ధర పెరుగుతుందన్న భయంతో అప్పు తేవడంలో లాభం లేదు.

కారును ఒక్కసారిగా పూర్తిగా విప్పవద్దు. ఇది చాలా ముఖ్యం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ షెడ్ల వెనక విప్పేసి వదిలేసిన పాత కార్లు ఎన్నో ఉన్నాయి. వాటి యజమానుల్లో డబ్బు లేక ఆగినవాళ్ల కంటే, విప్పిన సామాను ఎక్కడ ఏది పెట్టారో తెలియక, ఉత్సాహం చచ్చి ఆగినవాళ్లే ఎక్కువ. ఒక విభాగం విప్పి, బాగుచేసి, తిరిగి బిగించి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోండి. బ్రేకులు అయ్యాక కారు మీ వాకిట్లో నాలుగు చక్రాల మీద నెట్టగలిగేలా ఉండాలి. విప్పిన ప్రతి బోల్టును డబ్బాలో వేసి చీటీ అంటించి, విప్పకముందు ఫోనులో ఫోటో తీసుకోండి. ఈ పనికి మీ చేతులు చాలు, తుప్పు గీకడం, శుభ్రం చేయడం, విప్పడం మీరే చేసుకుంటే మేస్త్రీ కూలి గణనీయంగా తగ్గుతుంది. వెల్డింగు, బ్రేకులు, ఇంజన్ కొలతలు మాత్రం పని తెలిసినవాళ్లకే వదలండి.

షెడ్డుతో మాట్లాడేటప్పుడు మొత్తం కారుకు ఒకే ధర ఒప్పుకోవద్దు. ఎడమ సిల్లు, కుడి సిల్లు, నేల, బ్రేకులు అని పనులు విడగొట్టి, ఒక్కో పనికి ధర రాయించుకుని, అది పూర్తయ్యాక చూసి డబ్బిచ్చి, తర్వాతి పనికి వెళ్లండి. భాగాలు మీరే కొని ఇస్తారా, వాళ్లు తెస్తారా అన్నది మొదటే తేలాలి. తెస్తే బిల్లు, పాత భాగం రెండూ మీ చేతికి రావాలి. ఈ పద్ధతికి ఒప్పుకోని మేస్త్రీ మంచివాడే అయినా, మీ బడ్జెట్‌కు సరిపడేవాడు కాదు. మంచి పనివాడికి న్యాయమైన కూలి ఇవ్వడానికి వెనకాడవద్దు. ఈ కార్ల రేకు పని గ్యాస్ వెల్డింగుతో చేతి సుత్తి మీద చేసే పెద్దవాళ్లు మన దగ్గర తగ్గిపోతున్నారు, వాళ్ల దగ్గర బేరమాడి మిగుల్చుకునేది ఏమీ లేదు.

రంగు పనిని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే రంగు పొర తెల్లగా మసకబారుతుంది, కింద తేమ చిక్కుకుంటే నెలల తర్వాత పొక్కులు లేస్తాయి. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. అప్పటిదాకా రంగు లేని ఉత్త రేకును వదిలేయకుండా ప్రైమరు కొట్టించి ఉంచండి. మన గాలికి ఉత్త రేకు వారం తిరగకుండానే ఎర్రబడుతుంది.

చివరిగా కాగితాలు, వీటిని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆర్‌సీ ఇంకా తాతగారి పేరు మీదే ఉందని రాశారు. ఫారం 31తో, మరణ ధ్రువపత్రంతో, మిగతా వారసుల అంగీకారంతో ముందు మీ పేరుకో నాన్నగారి పేరుకో మార్పించండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో ఇప్పుడే చూడండి. రేకు పనిలో ఛాసిస్ నంబరు ఉన్న ముక్క చెడిపోకుండా మేస్త్రీకి ముందే చెప్పండి. తర్వాత మీకు రెండు దారులు ఉన్నాయి. మామూలు కారుగా రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటే, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము పది వేలు అయింది. దానితో పాటు ఫిట్‌నెస్ పరీక్ష, ఆలస్య రుసుము లెక్కలో వేసుకోండి. రెండో దారి, 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కార్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్. దానికి విఎ అక్షరాలున్న నంబరు వస్తుంది, రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరణకు ఐదు వేలు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరుగుళ్లకు వీలుండదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే బయటికి తీయాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. మీరు ఆదివారం పూట కుటుంబంతో మైపాడు బీచికో, బంధువుల ఊరికో వెళ్లాలనుకుంటే మొదటి దారే మీది.

అయస్కాంతం పరీక్ష చేసి, చాక్‌పీసు గీతలు కనిపించేలా రెండు సిల్లులు, నేల, అడ్డదూలం, కమాను బ్రాకెట్ల ఫోటోలు పెట్టండి. వాటిని చూసి రేకు పనికి ఏ వరుస పట్టుకోవాలో, అందులో ఏది మీరు చేసుకోవచ్చో, ఏది షెడ్డుకు ఇవ్వాలో విడివిడిగా రాస్తాను. అప్పటిదాకా సామాను ఏదీ కొనవద్దు, మార్క్ 2 హెడ్‌లైటు రింగులు మంచివి ఎక్కడైనా కంటపడితే తప్ప.